ఎక్కడ ఆగాలి? బడి పిల్లలు, విరామ చిహ్నాలు: ఒక సంవాదం

ప్రాథమిక తరగతుల పిల్లలకు విరామ చిహ్నాలు ఎప్పుడు నేర్పాలి, ఎంతవరకు నేర్పాలి, అసలు నేర్పాలా అన్నది ఉపాధ్యాయుల మధ్య తెగని చర్చ. 2016 అక్టోబర్ 11న జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఈ చర్చకు తగిన నేల. ఒకచోట పోతన ఊరైన బమ్మెర ఉంది. ఇంకోచోట ఇంట్లో లంబాడీ మాట్లాడే తండాలున్నాయి. మరోచోట కోయగూడేలూ సింగరేణి కాలనీలూ ఉన్నాయి. ఇక్కడ మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు. వాదనలు మాత్రం మన బడుల్లోవే. పెద్దసారు భూపాలపల్లి వైపు అడవి ఊళ్లలో ఎక్కువకాలం పనిచేసి, ప్రధానోపాధ్యాయుడిగా రిటైరై జనగామలో స్థిరపడ్డారు. టీచరమ్మ ఆయన దగ్గర చదువుకుంది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా బడిలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్).

పెద్దసారు: నా మాట ముందే చెప్త బిడ్డా. అయిదో తరగతి దాక పిల్లలకు కామా, ఫుల్‌స్టాప్, కోట్స్ అని పాఠాలు పెట్టుడు దండుగ. తెలుగు వాక్యం ఎక్కడ ఆగాల్నో అదే చెప్తది. "అన్నం తిన్నడు" అన్నంక ఇంకేమున్నది? క్రియ వచ్చింది, వాక్యం అయిపోయింది. అడగాలంటే "తిన్నడా" అంటం. పిలవాలంటే "అమ్మా" అని సాగదీస్తం. ఇద్దర్ని కలపాలంటే "అక్కా తమ్ముడూ" అని చివర దీర్ఘాలిస్తం. ఇంకొకల మాట చెప్పాలంటే "అని" ఉన్నది. ఇంగ్లిష్‌కు ఈ వసతి లేదు, అందుకే గుర్తుల మీద ఆధారపడ్డది. మనకు ఆ పని మాటనే చేస్తది.

టీచరమ్మ: వ్యాకరణం వరకు మీ మాట నిజం సార్. అయితే పిల్లలు వ్యాకరణం పుస్తకంలో ఉన్నట్టు రాయరు, మాట్లాడినట్టు రాస్తరు. నాలుగో తరగతి పిల్ల కురవి జాతర గురించి ఇట్ల రాసిందనుకోండి: "జాతరకు పోయినం బొమ్మ కొన్నది అమ్మ తమ్ముడు ఏడ్చిండు." ఇందులో ఏడ్చింది ఎవరు? "బొమ్మ కొన్నది అమ్మ. తమ్ముడు ఏడ్చిండు" అని చదివితే ఇంట్లో చిన్నోడు ఏడ్చిండు. "బొమ్మ కొన్నది. అమ్మ తమ్ముడు ఏడ్చిండు" అని చదివితే మేనమామ ఏడ్చిండు. క్రియలు మూడూ ఉన్నయి. ప్రతి క్రియ దగ్గర వాక్యం అయిపోతదన్న మీ సూత్రం పట్టుకొని చదివితే తప్పుగా మేనమామే వస్తడు. అసలు సంగతి చెప్పగలిగేది ఒక్క చుక్క.

పెద్దసారు: "అమ్మ బొమ్మ కొన్నది" అని రాయిస్తే ఈ చిక్కే రాదు గద! కర్త, కర్మ, క్రియ వరుసల రాయుమను.

టీచరమ్మ: రాయించొచ్చు. కానీ అట్ల రాయిస్తే ఆ పిల్ల గొంతు పోతది. మనం మాట్లాడేటప్పుడు మనిషిని క్రియ తర్వాత కూడా తెస్తం: "వచ్చిండా మీ నాయన", "తెచ్చింది మా అవ్వ". జనం మాట్లాడే తీరు పుస్తకంలోకి రావాలనే గిడుగు రామమూర్తి గారు వ్యావహారిక భాష కోసం పోరాడిన్రు. గురజాడ వారి కన్యాశుల్కం మొత్తం మనుషులు మాట్లాడుకున్న మాటలే. మా మానుకోట (మహబూబాబాద్) జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య గారు తెలంగాణ పలుకును నవలల్లోకి తెచ్చిన్రు. మాట్లాడినట్టు రాసే స్వేచ్ఛ పిల్లలకు ఇస్తే, ఆ మాట ఎక్కడ ఆగిందో చూపించే పనిముట్టు కూడా ఇవ్వాలి. ఒకటిచ్చి రెండోది ఆపితే వాళ్లు రాసింది వాళ్లకే తిరిగి అర్థం కాదు.

పెద్దసారు: సరే, అది ఒక ఉదాహరణ. మన పెద్దలను సూడు. మా జిల్లాల పాలకుర్తి ఉన్నది, బమ్మెర ఉన్నది. సోమనాథుడు బసవపురాణం ద్విపదల చెప్పిండు. పోతన భాగవతం చెప్పిండు. తాటాకు మీద గంటంతోని రాసినంక దాంట్ల కామాలున్నయా? మాటకు మాటకు నడుమ జాగ కూడ ఇడువకపోయేటోళ్లు. పద్యం అయిపోయిన కాడ ఒక గీత, ఒక అంకె. సంస్కృతం యతి అంటే ఆగే చోటు. మన తెలుగు యతి అది గూడ కాదు, అక్షరాల మైత్రి. 1858ల చిన్నయసూరి బాలవ్యాకరణం తెచ్చిండు. సంజ్ఞ కాడి నుంచి ప్రకీర్ణకం దాక పది పరిచ్ఛేదాలు. విరామ చిహ్నాలకు అండ్ల ఒక్క పరిచ్ఛేదం లేదు. ఇవన్ని అచ్చు పుస్తకాలతోని, ఇంగ్లిష్ చదువుతోని వచ్చినయి. హిందీ వాళ్లన్న పాత నిలువు గీత నిలుపుకున్నరు, మనం చుక్కనే తెచ్చుకున్నం.

టీచరమ్మ: బయటి నుంచి వచ్చిన మాట నిజమే. అయితే ద్విపదకు ఎందుకు అక్కర రాలేదో చూడండి సార్. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. నడకే చెప్తది పాదం ఎక్కడ ముగిసిందో. పోతన పద్యానికైనా అంతే. ఉత్పలమాల చదివే మనిషి గణాల మీద నడుస్తడు. వచనానికి ఆ గణాలు లేవు. ఒడ్డు తీసేసిన మడిలో నీళ్లు ఎటంటే అటు పోయినట్టు వచనం కూడా పోతది. ఇంకో మాట. ఆనాటి పుస్తకం పిల్లవాడు ఒంటరిగా చదివేది కాదు. పక్కన గురువు ఉండేటోడు. ఆయన పదచ్ఛేదం చేసి, ఏ మాట ఏ మాటతో కలుస్తదో అన్వయం చెప్పేటోడు. ఋగ్వేదానికి శాకల్యుడు పదపాఠం చేసింది కూడా మాటలు విడివిడిగా తెలియాలనే. అంటే విరామం నేర్పని చదువు మన దగ్గర ఎప్పుడూ లేదు. ఆ పని అప్పుడు గురువు గొంతు చేసింది, ఇప్పుడు కాగితం మీది గుర్తు చేస్తున్నది.

పెద్దసారు: అట్లనే గొంతుతోని నేర్పుమంటున్న నేను గూడ! మా జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారు ఒగ్గుకథ చెప్తుంటే ఎంత పొడుగు మాటైనా ఎక్కడ ఆపాల్నో అక్కడ ఆపిండు, జనం కదలకుండ కూసున్నరు. గుర్తులు లేకపాయె.

టీచరమ్మ: లేకపోవడం కాదు సార్. డోలు ఉంది, తాళం ఉంది, పక్కన వంత పలికే మనుషులున్నరు. కథకుడు ఒక మాట విసిరితే వాళ్లు అందుకుంటరు, ప్రశ్న వేస్తరు, ఔననిపిస్తరు. ఆ కథకు అవే విరామాలు. ఆయన 2017లో పోయిన్రు. ఆ కథను రేపు మన పిల్లలు కాగితం మీద చదవాలంటే డోలూ వంతా కాగితం మీదికి ఎట్ల వస్తయి? ప్రశ్న గుర్తుగా, ఆశ్చర్యం గుర్తుగా, కోట్స్‌గా వస్తయి. గుర్తులు పుట్టిన కథ కూడా అదే. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం చివర అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో అరిస్టోఫనీస్ అనే పండితుడు గ్రీకు రాతలకు మూడు ఎత్తుల్లో చుక్కలు పెట్టిండు: కొంచెం ఆగు, ఇంకొంచెం ఆగు, పూర్తిగా ఆగు అని. పైకి చదివేవాళ్ల కోసమే అది. వ్యాకరణం నియమాలన్ని తర్వాత వచ్చి చేరినయి. మనం పిల్లలకు చివర వచ్చింది ముందు నేర్పుతున్నం, ముందు వచ్చింది నేర్పనే నేర్పుతలేం.

పెద్దసారు: ఇది ఒప్పుకోవాల్సిన మాట. "కింది వాక్యాలకు విరామ చిహ్నాలు ఉంచండి" అని ప్రశ్న ఇస్తరు. పిల్లలు వాక్యం చదవనన్న చదవరు, చివరలొక చుక్క పెట్టి మార్కు తెచ్చుకుంటరు. అందుకే వద్దంటున్న. అసలు ఇబ్బంది ఇంకోటున్నది. అక్షరాలే రాని పిల్లలున్న కాడ నువ్వు కామా గురించి మాట్లాడుతున్నవు. 2021 జులై 5న కేంద్రం చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం నిపుణ్ భారత్ మొదలువెట్టింది. 2022 ఆగస్టు 15న మన రాష్ట్రంల అదే పనికి తొలిమెట్టు వచ్చింది. ఎందుకు వచ్చినయి? అయిదో తరగతి పిల్లలు గూడ గుణింతాల కాడ, ఒత్తుల కాడ తడబడుతున్నరనే గద! చదువుడు వచ్చినంక గద ఆగుడు.

టీచరమ్మ: చదవడం, ఆగడం వేరువేరు అనుకోవడం దగ్గరే మనం దారి తప్పుతున్నం సార్. మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది నిపుణ్ లక్ష్యం. "అర్థం చేసుకుంటూ" అన్నది అందులోనే ఉంది. కానీ గదిలో ఫోన్లో టైమ్ పెట్టి కూర్చున్నప్పుడు లెక్కకు వచ్చేది అంకె ఒక్కటే. చుక్క దగ్గర ఆగిన పిల్లకు మాటలు తగ్గుతయి. ఆగకుండ దౌడు తీసిన పిల్లకు పెరుగుతయి. ఎవరికి ఎక్కువ అర్థమయిందో ఆ అంకె చెప్పదు. ఆగిన పిల్ల ఏం నేర్చుకుంటది? ఆగితే నష్టం అని నేర్చుకుంటది. మన బడుల్లో మూకుమ్మడి రాగం మీకు తెలుసు. తరగతంతా కలిసి సాగదీసి చదువుతరు, ఊపిరి అయిపోయిన దగ్గర ఆగుతరు. వాక్యం ముగిసిన దగ్గర ఆగరు. అట్ల పేజీ అంతా చదివి, "ఏం జరిగింది?" అంటే తలలు దించుకుంటరు. అక్షరాలు వచ్చినయి, వాక్యం రాలేదు.

పెద్దసారు: రాగం సంగతి నువ్వు చెప్పింది నిజం. మా భూపాలపల్లి దిక్కు గూడ అదే తీరు. అయితే అక్కడ ఇంకో కష్టం. కోయ పిల్లలకు బడి తెలుగే కొత్త. మీ తండాల లంబాడీ. ఇంటి భాష వేరు, పుస్తకం భాష వేరు. వాళ్ల మీద ఈ గుర్తుల భారం గూడ ఎందుకు?

టీచరమ్మ: నేను సరిగ్గా దీన్ని తిరగేసి ఆలోచిస్త సార్. తెలుగు వాక్యం ఎక్కడ ఆగాలో మాటే చెప్తదని మీరు మొదట్లో అన్నరు. అది ఎవరికి చెప్తది? పుట్టినప్పటి నుంచి తెలుగు విన్న చెవికి చెప్తది. "వచ్చిండా" లో ఆ చివరి దీర్ఘం ప్రశ్న అని మీ మనుమడికి ఎవరూ నేర్పక్కర్లేదు. లంబాడీ ఉత్తరాది భాషల కుటుంబంలోది. తెలుగు ద్రావిడ భాష. కోయ ద్రావిడమే అయినా తెలుగు కాదు. ఈ పిల్లలకు తెలుగు వాక్యం చెవికంటే ముందు కళ్ల ముందు నిలబడుతది. వాళ్లకు కంటికి కనిపించే ఆసరా మనకంటే ఎక్కువ కావాలి. చుక్క, ప్రశ్న గుర్తు వాళ్లకు భారం కాదు సార్, దారి చూపే గుర్తు. ఇంట్ల తెలుగు ఉన్న పిల్లలు అవి లేకున్నా ఎట్లనో నెట్టుకొస్తరు. తండా పిల్లలు, గూడెం పిల్లలు అవి లేకపోతే ఆగిపోతరు. కాబట్టి అందరికంటే ముందు నేర్పాల్సింది వాళ్లకే.

పెద్దసారు: ఇది నేను అనుకోని మాట. సరే, ఒప్పుకుంట. మరి "అని" సంగతేంది? కోట్స్ ఎందుకు? "అని" అనంగనే ఇంకొకల మాట అయిపోయిందని తెలుస్తనే ఉన్నది.

టీచరమ్మ: అయిపోయిందని తెలుస్తది. మొదలు ఎక్కడో తెలవదు. "అని" మూసే తలుపు మాత్రమే చూపిస్తది సార్, తెరిచే తలుపు చూపించదు. ఒక పిల్లగాడు చీటీ మీద ఇట్ల రాసిండనుకోండి: "సార్ నేను రేపు రానని చెప్పిండు." రేపు రానిది ఎవరు? సారు రానన్నడా? లేకపోతే పిల్లగాడు సారును పిలిచి, ఇంకో దోస్తు రానన్నడని చెప్తున్నడా? "సార్, 'నేను రేపు రాను' అని చెప్పిండు" అని రాస్తే దోస్తు సంగతి. "సార్ 'నేను రేపు రాను' అని చెప్పిండు" అని రాస్తే సారు సంగతి. తేడా అంతా ఒక్క కామాది. మాట ఎక్కడ మొదలయిందో కోట్స్ చూపించినయి, ఎవరిని పిలిచిండో కామా చూపించింది. "సారూ" అని సాగదీస్తే సరిపోతది అంటరు కావచ్చు. మన పిల్లలు బడిలో పిలిచే మాట "సార్". దానికి దీర్ఘం ఇచ్చే జాగ లేదు.

పెద్దసారు: కామా గురించి నాకొక అభ్యంతరం ఉన్నది. ఇంగ్లిష్‌ల ఎక్కడ పెట్టాల్నో చెప్పే మందపు పుస్తకాలున్నయి. తెలుగుల ఎవరు తేల్చిన్రు? ఒక పత్రిక ఒక తీరు, ఒక రచయిత ఒక తీరు. పెద్దోళ్లకే తెగని లెక్క పిల్లల మీద పెడ్తవా?

టీచరమ్మ: నియమాలుగా పెట్టను సార్. రెండే చోట్లు నేర్పుత: ఒకటి పిలుపు, రెండు వరుస. "మా ఇంట్ల పెద్దమ్మ కొడుకు కోడలు ఉన్నరు" అంటే ఇంట్లో ఎంతమంది? "పెద్దమ్మ, కొడుకు, కోడలు" అంటే ముగ్గురు. "పెద్దమ్మ కొడుకు, కోడలు" అంటే ఇద్దరు. సర్వే కాగితంలో ఒక మనిషి తగ్గిపోతడు. ఈ లెక్క మూడో తరగతి పిల్లలు పట్టుకుంటరు, ఎందుకంటే అది వాళ్ల ఇంటి లెక్క. దీర్ఘంతో కలిపిన చోట, అంటే "అక్కా తమ్ముడూ" అన్న చోట, కామా అక్కర్లేదని కూడా అప్పుడే చెప్పొచ్చు. "మరియు" అని ప్రతి చోటా అతికించే అలవాటు కూడా పోతది. మీరు మొదట్లో చెప్పిన తెలుగు వసతి, నేను చెప్పే కామా ఒకదానికొకటి శత్రువులు కావు. ఒకటి ఉన్న చోట రెండోది తప్పుకుంటది. ఆ తప్పుకోవడం కూడా పాఠమే.

పెద్దసారు: ఇంగ్లిష్ పుస్తకాలు వచ్చినంక ఇంకో గందరగోళం.

టీచరమ్మ: ఔను సార్. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. గణితం, పరిసరాల విజ్ఞానం పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఇంగ్లిష్ పేజీలో వాక్యానికి రెండు కాపలాలున్నయి: చివర చుక్క, మొదట్లో పెద్దక్షరం. పిల్లలు చుక్క మరిచిపోయినా పెద్దక్షరం చూసి వాక్యం మొదలయిందని తెలుసుకోవచ్చు. తెలుగులో పెద్దక్షరాలు లేవు. కాపలా ఒక్కటే, అది చుక్క. అది కూడా మనం వదిలేస్తే రెండు పేజీల పుస్తకంలో పిల్లకు ఇంగ్లిష్ వాక్యం తేటగా కనిపిస్తది, తన పక్క పేజీ తెలుగు వాక్యం కలగాపులగంగా కనిపిస్తది. తెలుగు మీద ప్రేమ ఉన్నోళ్లు ముందు అడగాల్సింది ఈ చుక్కనే.

పెద్దసారు: సరే బిడ్డా. వాదం పక్కన పెట్టి పని చెప్పు. ఒకే టీచర్, ఒకే గది, అయిదు తరగతులు. అసొంటి బడిల నేను పనిచేసిన. పొద్దున ప్రార్థన, హాజరు, మధ్యాహ్న భోజనం, రిజిస్టర్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు. నీ విరామ చిహ్నాలకు పీరియడ్ ఎక్కడున్నది?

టీచరమ్మ: పీరియడ్ అడగను సార్. ఉన్న పాఠంలోనే చేస్త. ఒకటో తరగతిలో రాతలో గుర్తులు లేవు. కథ చెప్త; వాక్యం అయిపోయిన దగ్గర పిల్లలు చప్పట్లు కొడ్తరు. ప్రశ్న వచ్చిన దగ్గర చెయ్యి లేపుతరు. అక్షరాలు రాని పిల్లకు కూడా ఇది వస్తది. చెవి ఉంటే చాలు. దానితోపాటు మాటకు మాటకు నడుమ ఖాళీ. "చెప్పకుండ పోయిండు" అన్నది "చెప్ప కుండ పోయిండు" అని రాస్తే కుండ వచ్చి కూర్చుంటది. ఆ ఖాళీయే మొదటి విరామ చిహ్నం.

రెండో తరగతిలో చుక్క, ప్రశ్న గుర్తు. నల్లబల్ల మీద ఒకే మాట రెండుసార్లు రాస్త: "నాకు తెల్వదు." "నాకు తెల్వదా?" మొదటిది మామూలుగా, రెండోది గొంతు లేపి చదివిస్త. తర్వాత దీర్ఘం లేని ప్రశ్నలు: "నువ్వు రేపు వస్తున్నవు." "నువ్వు రేపు వస్తున్నవు?" ఇక్కడ తేడా చూపించేది గుర్తు ఒక్కటే. గుర్తును బట్టి గొంతు మార్చాలి, గొంతును బట్టి గుర్తు పెట్టాలి. రెండు దిక్కులా నడిస్తేనే వచ్చినట్టు.

మూడో తరగతిలో కామా: అంగడి చిట్టీ, ఇంటి మనుషుల జాబితా, పిలుపు. నాలుగులో ఆశ్చర్యం గుర్తు, కోట్స్. కథను ముగ్గురు పిల్లలకు పంచిస్త: ఒకరు నక్క, ఒకరు కాకి, ఒకరు చెప్పే మనిషి. కోట్స్ లోపలిది నక్క చదవాలి, "అని" నుంచి చెప్పే మనిషి అందుకోవాలి. ఎవరి మాట ఎక్కడ మొదలయిందో తప్పితే తోటి పిల్లలే ఆపుతరు. ఐదో తరగతిలో కొత్త గుర్తేమీ లేదు. వాళ్లు రాసింది ఇంకొకరు పైకి చదవాలి. చదివే పిల్ల తప్పు దగ్గర ఆగితే, రాసిన పిల్లే పెన్సిల్ తీసుకొని దిద్దుకుంటది. అయిదు తరగతులు ఒకే గదిలో ఉన్న బడికి ఇది ఇంకా మేలు. ఐదో తరగతి పిల్ల చదివితే ఒకటో తరగతి పిల్లలు చప్పట్లు కొడ్తరు. ఒకే పాఠం, రెండు తరగతులు.

పెద్దసారు: మంచిగనే ఉన్నది. నా షరతులు గూడ విను. ఎర్ర సిరా వద్దు. పిల్ల తన జాతర గురించి, తన మేక గురించి నాలుగు ముక్కలు రాసుకొని వస్తే, ముందు ఆ నాలుగు ముక్కలు చదివి సంబురపడాలి. కామా లేదని గీత కొడితే ఆ పిల్ల మళ్ల రాయది. భూపాలపల్లి దిక్కు బడికి వచ్చుడే కష్టమైన పిల్లలుంటరు. వాళ్ల చేతుల పెన్సిల్ నిలబడుడే మనకు గొప్ప.

టీచరమ్మ: ఒప్పుకుంటున్న సార్, మనస్ఫూర్తిగా.

పెద్దసారు: రెండోది. సెమీకోలన్, కోలన్, బ్రాకెట్లు, డ్యాషులు హైస్కూల్‌కు వదిలెయ్యి. అయిదు గుర్తులు దాటొద్దు.

టీచరమ్మ: చుక్క, ప్రశ్న, కామా, ఆశ్చర్యం, కోట్స్. అయిదే.

పెద్దసారు: మూడోది. అల్పవిరామం, పూర్ణవిరామం అని పేర్లు కంఠస్థం పట్టించొద్దు. పరీక్షల "విరామ చిహ్నాలు ఉంచండి" అన్న ప్రశ్న ఒకటి నుంచి నాలుగో తరగతి దాక ఉండొద్దు.

టీచరమ్మ: పేర్లు వద్దు, సరే. పరీక్షలో ఆ ప్రశ్న బదులు పిల్లను పిలిచి ఒక పేరా పైకి చదివించాలి. చుక్క దగ్గర ఆగిందా, ప్రశ్నను ప్రశ్నగా అడిగిందా, మాట్లాడింది ఎవరో చెప్పగలిగిందా? అదే పరీక్ష. నిమిషానికి ఎన్ని మాటలని రాసే గడి పక్కనే, సరిగ్గా ఆగిన చోట్లు ఎన్ని అని రాసే ఇంకో గడి ఉండాలని నా కోరిక.

పెద్దసారు: ఆ గడి నిజంగ ఉండాలె. ఒక మాట మాత్రం నేను మార్చుకోను. కోట్స్ నాలుగుల కాదు, అయిదుల చెప్పు. నాలుగో తరగతి పిల్లకు ఇంకొకల మాటను తన మాట నుంచి వేరు చేసి రాసుడు కష్టం.

టీచరమ్మ: చదవడం నాలుగులో, రాయడం ఐదులో అనుకుందాం సార్. నక్క మాట నక్క గొంతుతో చదవడానికి నాలుగో తరగతి పిల్ల ఎదురుచూడక్కర్లేదు.

పెద్దసారు: అట్లయితే సరే. ఇన్నేండ్లు నేను గుర్తులను ఇంగ్లిష్ సామాను అనుకొని పక్కకు పెట్టిన. గుర్తు ఎవలదన్నది కాదు, పిల్లకు ఎంత అక్కెరకొస్తదన్నదే లెక్క అని నీ మాటల వల్ల తేలింది.

ఇద్దరి వాదనలూ విన్నాక తేలేది ఇది. తెలుగు వాక్యానికి తనదైన విరామ వ్యవస్థ ఉందన్న పెద్దసారు మాట నిజం. పాఠం అక్కడి నుంచే మొదలవ్వాలి. అది అన్ని చోట్లా సరిపోదన్న టీచరమ్మ మాట కూడా నిజం. ముఖ్యంగా తెలుగు ఇంటి భాష కాని పిల్లల విషయంలో. విరామ చిహ్నాలను వ్యాకరణంగా నేర్పితే పెద్దసారు భయపడ్డట్టే అవి దండుగ. చదివే గొంతుగా నేర్పితే ఒకటో తరగతి నుంచే అవసరం.

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు ఒక మనవి. రేపు తరగతిలో ఏ పాఠమైనా సరే, పిల్లలందరితో కలిసి రాగం తీయించే ముందు ఒక్క పేరా మీరు పైకి చదవండి. చుక్క దగ్గర నిలబడి, ప్రశ్న దగ్గర గొంతు లేపి, కోట్స్ లోపలి మాటను ఆ మనిషి గొంతుతో పలికి చదవండి. తర్వాత పిల్లలను అట్లాగే చదవమనండి. తల్లిదండ్రులు కూడా ఇంట్లో పిల్లలు రాసింది దిద్దే ముందు, రాసింది రాసినట్టు పైకి చదివి వినిపించండి. ఎక్కడ ఆగాలో పిల్లలు తమ చెవితో తాము కనిపెడతారు, ఆ చోట చుక్క వాళ్లే పెడతారు.